ఏ ఇంటిపేరు పెట్టుకున్నా నా కొడుకే

స్విండన్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్న పాలగిరి ఆంజనేయులు అనే నేను, ఒంట్లో చక్కెర తప్ప బుద్ధిలో ఏ లోపమూ లేక, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. కోడలు మయూమి నీళ్ళోసుకుందని నిన్ననే తెలిసింది. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అనుమానపడవద్దు.

1. మా జపానీ వియ్యంకుడు సాటో గారికి మయూమి ఒక్కతే సంతానం. వాళ్ళ దేశంలో అలాంటి ఇంట అల్లుణ్ణే దత్తత చేసుకుని ఇంటిపేరు ఇస్తారట. ఆయన అదే అడిగితే మా అబ్బాయి చలపతి "మా ఆచారం ఒప్పుకోదు" అని చెప్పేసి, లీడ్స్‌లో వేరే ఫ్లాట్ తీసుకుని ఒక్కడే ఉంటున్నాడు. ఆదివారం వచ్చి భోంచేసి పోతాడు. పెళ్ళయినా ఎవరి పేరు వాళ్ళకే ఉండాలనే ఆఫీసు పిల్లే మయూమి; తండ్రి ఫోను చేస్తే మాత్రం అన్నిటికీ సరేనంటుంది. నిన్న బిడ్డ ఇంటిపేరు మీద చలపతీ, మయూమీ ఫోనులోనే తగవుపడ్డారు. పురిటికి పుట్టింటికి పోతే తిరిగి రానంటోంది.

2. వియ్యంకుడికి తెలియజేయునది: ఆచారం ఒప్పుకోదన్నది అబద్ధం. నేనే ఇల్లటం అల్లుణ్ణి. మదనపల్లె దగ్గర మా మామకు మగపిల్లలు లేకపోతే ఆ ఇంటికే పోయి, సేద్యం చేసి, ఆయనకు తలకొరివి పెట్టాను. "ఏమబ్బీ, అత్తగారింటి సంగటి మెత్తగుందా?" అని మా వదిన ఎగతాళి చేసేది. మెత్తగానే ఉండేది. చలపతి పుట్టింది ఆ ఇంట్లోనే.

3. అక్కడి రెండెకరాల టమాటా తోట సర్వహక్కులతో చలపతికి. ఏ ఇంటిపేరుతో సంతకం పెట్టినా చెల్లుతుంది. నా కర్మ చేసేదీ వాడే.

4. మా అన్న వెంకటయ్య పిల్లలకు ఏమీ లేదు. "ఇల్లటం పోయినోడికి ఇక్కడేం పని?" అని మా నాయన దినంనాడు మా అన్న నన్ను గడప బయటే నిలబెట్టాడు. అది మరిచిపోలేదు.

5. నా భార్య, కీర్తిశేషురాలు వెంకటరమణమ్మ వెండి ఉగ్గుగిన్నె మయూమికి. మా కోడలు నా కోసం సంగటి కెలకడం నేర్చుకున్న తల్లి. చలపతితో ఉన్నా లేకున్నా అది ఆమెదే.

6. బిడ్డ ఇంటిపేరు నేను చెప్పను, సాటో గారూ చెప్పకూడదు. తల్లీతండ్రీ ఒకచోట కూర్చుని తేల్చుకోవాలి.

7. ఇది నేను పోయాక విప్పే కాగితం కాదు. నా చక్కెరకు మందులిచ్చే, ఈ వీలునామా అమలు బాధ్యత తీసుకున్న డాక్టర్ నీహారిక ఈ ఆదివారం మా ఇంటికి వచ్చి, అన్నం వడ్డించకముందే, మొగుడూ పెళ్ళాల ఎదుట మొత్తం చదవాలి. చదవడం అయ్యాక డాక్టరమ్మా, నేనూ పార్కుకు పోతాము. వాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉంటారు.

స్విండన్, 14 మార్చి 2007
(సంతకం) పాలగిరి ఆంజనేయులు

సాక్షులు: ఎదురింటి కిషన్‌రావు, ఆయన భార్య పుష్పలీల