బొంతకు మైదా జిగురు

విశాఖపట్నం

అమ్మకు,

బొంత తప్ప ఇక్కడ అందరం క్షేమం. టాకాలు వేస్తూ నడుం విరగ్గొట్టుకోకు, పాత చీరల పొరలను మైదా జిగురుతో అతికించి కుట్టుకో, తర్వాత ఉతికితే జిగురు పోతుంది అని రాశావు. అలాగే అతికించి వాకిట్లో పిట్టగోడ మీద ఆరేశాను. పూర్ణా మార్కెట్లో మైదా రుచికి సినిమా పోస్టర్లు పీక్కుతినే పక్కింటి జోగమ్మ ఆవు వచ్చి, నువ్వు కట్టి కట్టి మెత్తబడ్డ నీలం చీరతో మొదలుపెట్టి బొంతంతా నమిలేసింది. నిలదీస్తే జోగమ్మ, "ఇదీ పోస్టరే అనుకున్నాదమ్మా, దానికేటి తెల్సు?" అంటుంది! పుట్టే బిడ్డను దేని మీద పడుకోబెట్టను? పురుటికి వచ్చేటప్పుడు ఇంకో పాత చీర, లావుపాటి సూది తీసుకురా. నాన్న దగ్గు తగ్గిందా? ఆయనకు నా దండాలు చెప్పు.

జిగురు ఉతికితే పోతుందన్నావు. ఉతక్కుండానే పోయింది, బొంతతో సహా.

నీ మాట విన్న కూతురు,
గౌరీశ్వరి