సమాధుల తోటను తప్పించిన సర్వే

మండపేట

అమ్మకు ఆశాజ్యోతి వందనాలు.

నాన్న సమాధి భద్రంగా ఉంది, దిగులు పడకు. భూమి లోపలి రాతిపొరలు కనిపెట్టే సర్వేవాళ్లు మన సమాధుల తోటలోనూ గొయ్యి తవ్వి మందు పేలుస్తామన్నారు. "ఇటూ అటూ పొలాల్లో కొలతలు తీసుకుని మధ్యది లెక్కకట్టలేరాండీ?" అని అడిగాను. "కట్టొచ్చండి, మేం చేసేదే అది. ఖాళీ మరీ పెద్దదైతేనే తేడా వస్తుంది" అన్నాడు ఇంజనీరు. టేపు పెట్టి తోట వెడల్పు నేనే కొలిచి చూపించాను, ముప్పై గజాలే. ఒప్పుకున్నాడు.

మోకాళ్లకు నూనె రాస్తున్నావా? రెండో తేదీ సమాధుల పండుగకు తమ్ముడితో రా. సున్నం వేయించాను, దారిలో కడియంలో బంతిపూలు తీసుకోండి. తోటకు రెండు వైపులా, గోతులు తవ్వే చోట ఎర్రజెండాలు పాతారు, నాన్న దగ్గర ఒక్కటీ లేదు. వచ్చి నీ కళ్లతో చూసుకుందువుగాని. దేవుడు నిన్ను చల్లగా ఉంచాలి.

ఆశ