జీన్స్ తప్ప ఇంకేదీ కుట్టబడదు

అక్టోబరు 6, సోమవారం

అనంతపురంలో వ్యాపార శిక్షణ ముగించుకుని రాయదుర్గం వచ్చేశాను. తల నిండా ఆలోచనలే! మాస్టారు ఒకటే మాట చెప్పారు: "అన్నీ చేసేవాళ్లు ఎదగరు. దేన్ని వద్దనాలో తెలిసినవాళ్లే ఎదుగుతారు."

సాయంత్రానికల్లా నా కుట్టు కొట్టు బోర్డు మీద 'అన్ని రకాల కుట్టుపని' చెరిపించేశాను. ఇకపై ఆడవాళ్ల జీన్స్ మాత్రమే. ఫోను పూర్తిగా పట్టే జేబుతో! మా సొంత పేరుతో!

వచ్చే సోమవారం బళ్లారి నుంచి బట్టల షాపు బయ్యన్న వస్తాడు. మూడు సైజుల నమూనాలు నచ్చితే ఆర్డరు మాదే. లేదంటే ఎప్పటిలాగే పెద్ద జీన్స్ యూనిట్లకు ప్యాంట్ల నడుం పట్టీలు కుట్టిపెట్టడమే.

అక్టోబరు 7

పొద్దున్నే ఒకాయన చిరిగిన సంచి తెచ్చాడు. వద్దన్నాను! ఎంత హాయి!

నా దగ్గర మిషను కుట్టే సరళ మాత్రం నొచ్చుకుంది. "మొగం మీదే వద్దంటే ఎట్లక్కా? ఆయప్ప మళ్లీ ఈ తట్టు వస్తాడా?"

వ్యూహం, సరళా, వ్యూహం!

అక్టోబరు 8

లంగా అంచు ఊడిందని పెద్దమ్మ తిమ్మమ్మ వచ్చింది. పెద్దమ్మ కస్టమర్ కాదు కదా. కుట్టేశాను. ఆమె వెనకే పక్కింటివాళ్లు. వాళ్లవీ కుట్టాను. దాన్ని మార్కెట్ పరిశీలన అనుకోవాలి.

నమూనా: ఒక కాలు పూర్తి.

అక్టోబరు 10

వాన! జూన్‌లో మొక్కినా రానిది, శెనక్కాయలు పీకి ఆరబోశాక వచ్చింది. రైతు లింగప్ప తడిసి ముద్దై, చిరిగిన టార్పాలిన్ భుజాన వేసుకుని వచ్చాడు.

"జీన్స్ తప్ప ఇంకేమీ కుట్టట్లేదన్నా."

"ఏమ్మా, శెనక్కాయలకు జీన్స్ తొడిగేదా? ఏడాది పంట నానతాండాది!"

టార్పాలిన్ అందుకున్నాను. జీన్స్ సూది దానికి భేషుగ్గా దిగింది. కాసేపటికి వాకిలంతా టార్పాలిన్లే.

అక్టోబరు 12

ఇంకా టార్పాలిన్లే. లింగప్ప కాయలు చాలావరకు దక్కాయట. ఆ మాట చెప్పడానికే వచ్చాడు. మనసు నిండింది.

మూడు నమూనాలు కావాలి. ఉన్నది ఒక్కటి. దానికీ గుండీ లేదు. భగవంతుడా!

అక్టోబరు 13, సోమవారం

బయ్యన్న వచ్చాడు. ఆ ఒక్క ప్యాంటు జేబులో తన ఫోను దించి చూశాడు. మొత్తం పట్టింది.

"జేబు బాగుండాదమ్మా. ఒక్కటి చూసి ఆర్డరు ఎట్లిచ్చేది? మూడు సైజులూ చేసిపెట్టు, వచ్చే సోమారం వస్తా."

ప్రాణం లేచొచ్చింది! రేపటి నుంచి జీన్స్ తప్ప సూది కదలదు. పక్కా!

ఆటో ఎక్కబోయినవాడు వెనక్కి వచ్చి, చేతిలో బ్యాగు చూపించాడు. "జిప్పు పోయినాది. రోంత చూస్తావామ్మా?"

రేపటి నుంచి అన్నాను కదా. ఈ రోజు ఇంకా అయిపోలేదు.