బాబాయికి తెలియని పేరు

అమ్మా, బస్సుకి టైమైంది. వకీలమ్మ నీ మెయిల్‌కి ఒక ఫైలు పంపింది. దానికి తాళం వేయించాను. తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. కంగారుపడి ఫోన్ల కొట్టుకి పట్టుకెళ్లకు. పోయినసారి పాస్‌వర్డ్ రాసిస్తే తీసుకెళ్లి కంప్యూటర్‌కే అతికించావు. మర్నాడే నాన్న వాటా కాగితాల్లో ఉన్నదంతా బాబాయి నాకు పాఠంలా అప్పజెప్పాడు. అందుకే ఈసారి రాయను. పెళ్లికి ముందు మీ ఊరు ఇర్బిద్‌లో మీ అమ్మ నిన్ను పిలిచిన ముద్దుపేరు అరబీలో కొట్టు. పైకి అనకు. చదివాక ఈ చీటీ చించెయ్. చించవని తెలుసు.

నవార్

బాబాయ్, కాఫీకి వచ్చి ఇది మీరే ముందు చదువుతారు. ముప్పై ఏళ్లుగా మా అన్నయ్య పేరు మీద అమ్మని ‘ఉమ్ షాదీ’, షాదీ వాళ్లమ్మ, అనే పిలిచారు. ఆమెకి ఇంకో పేరుందని మీకు ఇప్పుడే కదా తెలిసింది.