చెత్తలోంచి మొలిచిన కొత్తిమీర

మంగళవారం

నెల రోజులుగా దిగమింగుకున్న కసి ఇవాళ తీరింది.

ల్యాబ్‌కు కెమికల్ సీసాలతో వచ్చే థర్మకోల్ అచ్చులను, మళ్లీ పనికొస్తాయని బెంచీ కింద దాచేదాన్ని. పోయిన నెల సీనియర్ నవీన్ అన్న అందరి ముందు, "ఏందమ్మా, నీ పీహెచ్‌డీ చెత్త ఏరుడు మీదనా?" అని నవ్వి, వాటిని క్యాంపస్ చెత్తకుండీలో వేయించాడు. నిజంగానే ఏరుకున్నాను. తార్నాక రూముకు తెచ్చి, డాబా మీద పెట్టి, వాటిలో మట్టి నింపి కొత్తిమీర వేశాను.

రేపు అతని శాంపిల్ సీసాలు ఢిల్లీకి వెళ్లాలి. థర్మకోల్ లేకుండా గాజు సీసాలు తీసుకోనన్నాడట కొరియర్ అతను. అచ్చులు నా దగ్గరున్నాయని ల్యాబ్‌లో ఎవరో చెబితే, సాయంత్రం నవీన్ అన్న మా డాబా ఎక్కాడు.

"చెల్లె, ఒక్కటియ్యవా? నా ఏడాది కష్టమంత గా సీసాలల్లనే ఉన్నది."

"చెత్తనే కదన్నా, ఏరుకో," అన్నాను.

తెల్ల చొక్కాతో మోకాళ్ల మీద కూర్చుని, కొత్తిమీర పీకి, మట్టి దులిపి, ఒక అచ్చు కడుక్కుని తీసుకెళ్లాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

దానికి అడుగున, పైకి కనిపించని పగులుంది. నాకు తెలుసు. చెప్పలేదు. కొరియర్ పొద్దున ఎనిమిదింటికి వస్తాడు. చెప్పాలంటే ఫోన్ పక్కనే ఉంది.

అతను పీకిన కొత్తిమీరతో పచ్చడి చేశాను. బ్రహ్మాండంగా కుదిరింది.