వెనక సీటు అక్కకు

కళ్లజోళ్ల షాపు నడిపే నేను, అరవై మూడేళ్ల దాన్ని, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టంతో రాస్తున్న వీలునామా ఇది. డాక్టరుకు అనుమానమంతా నా గుండె మీదే, బుర్ర మీద కాదు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. షాపు, దాని పైనున్న రెండు గదులు, అద్దాలు అరగదీసే యంత్రంతో సహా, నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. నేను బండి మీద బయల్దేరిన ప్రతిసారీ "చేరగానే ఫోన్ చెయ్యమ్మా" అనేది. చాలాసార్లు మర్చిపోయాను. పిచ్చిపిల్ల, అన్నం తినకుండా ఎదురుచూసేదని అల్లుడు చెబితే గానీ తెలియలేదు.

2. నా తోలు జాకెట్, పనిముట్ల సంచి పక్క షెడ్డులోని మెకానిక్‌కు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతా అతనిదే. మా ఆయన పోయాక షట్టర్ సగం దించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేదాన్ని. ఆయన మోటార్‌సైకిల్ కొంటానని ఇతను వచ్చాడు. "బండి అమ్మను గానీ, నాకు నడపడం నేర్పుతావా?" అన్నాను. నేర్పాడు. ఊళ్లు దాటి, కొండలు దాటి పోయాను. హెల్మెట్ లోపల ఎంత ఏడ్చినా ఓదార్చడానికి ఎవరూ రారు. నాకు అదే మందయింది.

3. బండికి కట్టే పెట్టె, అందులోని కళ్లజోళ్లన్నీ కొండ మలుపులో టీకొట్టు నడిపే ఆవిడకు. ఒకసారి ఆవిడ సూదిని చేయిచాపి దూరంగా పట్టుకుని, దారం ఎక్కక తిట్టుకుంటుంటే నా కళ్లజోడు తీసి ఆవిడకు పెట్టాను. "అమ్మో, నా చేతులు ఇంత ముసలివైపోయాయా!" అని పడీపడీ నవ్వింది. ఆ తర్వాత పెట్టె నిండా కళ్లజోళ్లు నింపుకుని, కంటి డాక్టరు తొంగిచూడని ఊళ్లకు తిరిగాను. మిగిలినవి ఆవిడే పంచాలి.

4. మోటార్‌సైకిల్ మా అక్కకు. ఆమెకు నడపడం రాదు. ఎప్పుడు అడిగితే అప్పుడు మెకానిక్ గానీ, నా కూతురు గానీ వెనక ఎక్కించుకుని తీసుకుపోవాలి.

"మొగుడు పోయి ఏడాదైనా కాలేదు, బండెక్కి ఊరేగుతావా? సిగ్గు లేదటే?" అని బంధువులందరి ముందూ అడిగింది అక్క. అప్పటినుంచి ఒకరి గుమ్మం ఒకరం తొక్కలేదు. ఏళ్లన్నీ అలాగే పోయాయి. ఈ మధ్య ఒక ఉదయం సంచి సర్దుకుని, కొత్త హెల్మెట్‌ను గిన్నెలా పట్టుకుని వచ్చింది. "నన్నూ ఎక్కడికైనా తీసుకుపోవే" అంది. బండి ముట్టుకోవద్దని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఆ మాటే చెప్పాను. అక్క షాపు వెనక స్టాండ్ వేసి ఉన్న బండి మీద, వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. తాళంచెవి తిప్పలేదు. అక్క నా నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకు తల ఆనించింది.

కాసేపటికి "ఎంత దూరం వచ్చామే?" అంది.

"చాలా దూరం వచ్చేశాం అక్కా" అన్నాను.

పైదంతా మరోసారి చదువుకుని, దిద్దాల్సింది లేదని తేల్చుకుని సంతకం చేస్తున్నాను.

తేదీ: జూలై నెల మొదటి గురువారం

సంతకం: కళ్లజోళ్ల షాపు యజమానురాలు

సాక్షులు:
1. ఎదురు మందుల షాపాయన
2. పై వీధి రిటైర్డ్ లెక్కల టీచరమ్మ