నాలుగో మర

దోబ్రిచ్,
మార్చి పన్నెండు, మంగళవారం.

చిరంజీవి రాలిత్సాను నాన్నమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

మేమిద్దరం బాగానే ఉన్నాం. సోఫియాలో నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ చలి గదికి హీటరు కొనుక్కున్నావనీ నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. మీ తాతయ్య ద్రాక్షతీగలు కత్తిరించడం నిన్నటితో పూర్తయింది, మొత్తం నలభై రెండు మొదళ్లు. నడుము పట్టేసిందని మంచమెక్కి, అక్కడినుంచే నాకు పనులు పురమాయిస్తున్నాడు. నువ్వు పంపిన ఎరుపు తెలుపు దారం మణికట్టుకు కట్టుకున్నాను. తొలి కొంగ కనిపించేదాకా తీయకూడదు కదా, ఈ ఏడు ఇంకా కనిపించలేదు.

నీ ఉత్తరంతోపాటు, నా పళ్ల డాక్టరు మీద నువ్వు రాసిన మూడు పేజీల ఫిర్యాదు కూడా అందింది. "చివర సంతకం పెట్టి పంపేయ్ నాన్నమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అని రాశావు. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

దవడలో నొప్పి లేదు. వాపు పదకొండు రోజుల్లో తగ్గింది. నకిలీ సరుకు వాడారేమోనన్న నీ అనుమానం తప్పు. పళ్ల కోసం ఎముకలో బిగించిన ఒక్కొక్క మరకూ నంబరున్న చీటీ ఇచ్చారు, నాలుగూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తెల్ల పింగాణీ ఇంప్లాంట్ ఉండగా టైటానియం ఎందుకన్నావు. కింది అంతస్తులో ఉండే త్సోంకా కూడా అప్పట్లో ఇదే పట్టు పట్టింది.

"నోట్లో ఇనుము పెట్టుకుంటే పిడుగు పడుతుందే నెద్యాల్కా!" అంది.

ముప్ఫై నాలుగేళ్లు రసాయనశాస్త్రం చెప్పినదానితో అనవలసిన మాటేనా అది? "పిడుగు పడితే ముందు నీ నాలుక మీద పడాలి. నా మరలకన్నా అదే పొడుగు" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఉప్పులో ఊరిన క్యాబేజీ గిన్నెతో వచ్చింది. మరలు వేసిన డాక్టర్ జోర్నిత్సా మాత్రం ఓపిగ్గా చెప్పింది. ముందువైపు ఒక్క పన్ను పోయినవాళ్లకు పింగాణీ బాగుంటుందట. నాకు కింది దవడ పళ్లన్నీ పోయాయి కాబట్టి అంత బరువు మోయడానికి టైటానియమే నమ్మకమట.

ఇక రెండు మరలు సరిపోయేటప్పుడు నాలుగు ఎందుకు వేసిందన్నావు. నీ ఫిర్యాదు మొత్తం దీని మీదే నిలబడింది కాబట్టి, నవంబరులో ఆ గదిలో జరిగింది జరిగినట్టు రాస్తాను. జోర్నిత్సా నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు ముప్ఫై మూడేళ్లు. నన్ను చూస్తే ఇప్పటికీ లేచి నిలబడుతుంది.

"రెండు దారులున్నాయి టీచర్" అంది. "రెండు మరలేసి, వాటి మీద చొక్కా గుండీలా టక్కున బిగిసే పలువరుస పెట్టొచ్చు. దాన్ని రోజూ తీసి కడుక్కోవాలి. లేదంటే నాలుగు మరలేసి, తీయనక్కర్లేని వరుస బిగించేయొచ్చు. ఆ రోజే తాత్కాలిక పళ్లతో ఇంటికెళ్తారు. కానీ ఎముక మరల్ని పట్టుకోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా మెత్తటివే తినాలి, ముందుపళ్లతో ఏదీ కొరకకూడదు. ఏ రకమన్నది మీ నోటిని బట్టి కాదు, మీ అలవాట్లని బట్టి తేలుతుంది. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతారా?"

"నన్నా అడుగుతున్నావ్?"

"మన ఊళ్లో అందర్నీ అడుగుతాను టీచర్. ఏమనుకోకండి."

"కొరకను. రాసుకో."

రాసుకుంది. అయినా రెండు మరల రకమే నయమని రెండుసార్లు చెప్పింది. ఒప్పుకోనిది నేను. మా అత్తగారి కట్టుడు పళ్లు కిటికీలో గ్లాసులో మునిగి ఉండేవి, వచ్చినవాళ్లందరూ చూసేవాళ్లు. డెబ్బై మూడేళ్లకు నా పళ్లు కూడా గ్లాసులో ఈదడం నాకిష్టం లేకపోయింది. నాలుగు మరలు నా పట్టుదల, తల్లీ.

నాలుగో మర ఏడోవారంలో వదులై, తీసేయాల్సి వచ్చిన సంగతి నీకు తెలుసు. కోపంతో నువ్వు పెద్ద డాక్టరు వెల్చెవ్‌కు ఫోను చేశావు. ఆ తర్వాతి సంగతి నీకు తెలియదు. ఆయన జోర్నిత్సా చేత మరలు వేయించడం మాన్పించి, కింది గదిలో పళ్లు శుభ్రం చేసే పనిలో పెట్టాడు. ఊళ్లో మాట పాకింది. త్సోంకా కూడా జోర్నిత్సా దగ్గర తీసుకున్న తేదీ రద్దు చేసుకుంది. "పాపం, నీ దవడ పాడుచేసిందటగా ఆ పిల్ల!" అని మా భవనం ముందు బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లందరి ముందూ అంది. నేను వాళ్ల మధ్యనే కూర్చున్నాను. అవుననలేదు, కాదనలేదు. లేచి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు రాయబోయేది ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేదు. పైగా నోటిమాటకు విలువ లేదు, కాగితం మీద సంతకం ఉండాలని నువ్వే కదా అంటావు.

ఆ మూడు నెలలూ తిన్నదంతా నోటుపుస్తకంలో రాసుకున్నానని నీతో గొప్పలు పోయాను. పెరుగు సూపు, గుమ్మడి గుజ్జు, మెత్తగా నలిపిన జున్ను, పూటపూటకూ చెంచాల లెక్కతో. రాయనిది ఒక్కటే. ముప్ఫై ఎనిమిదో రోజునుంచి తొమ్మిది సాయంత్రాలు, మీ తాతయ్య చదరంగానికి వెళ్లగానే టీవీలో వాలీబాల్ ఆట పెట్టుకుని, రోజుకో గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు కొరికాను. ముందుపళ్లతోనే. గింజ కొరకడానికి వేరే దారేముంది?

అలవాటు ఇప్పటిది కాదు. బడిలో పిల్లల జేబుల్లోంచి గుంజుకున్న గింజలు ఏం చేస్తావని మీ నాన్న చిన్నప్పుడు అడిగేవాడు. చెత్తబుట్టలో వేస్తానని చెప్పేదాన్ని. అవన్నీ నేనే తినేదాన్ని, రాలిత్సా. సోఫా వెనక పెంకులు చూసి మీ తాతయ్య ఆ మధ్య, "ఇంట్లో ఎలుకలు పడ్డాయోయ్, అదీ చదువుకున్న ఎలుకలు, తిన్నచోట ఊడ్చి మరీ పోతున్నాయి" అన్నాడు. ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. జోర్నిత్సా కింది గదిలో ఎవరి పళ్లకో గార తీసి, చేతులు కడుక్కుంటోంది. తలుపు వేసి, నిలబడే చెప్పేశాను.

"నాకు తెలుసు టీచర్" అంది.

"ఏం తెలుసు?"

"వరుస విప్పినప్పుడు దాని కింద పెంకు ముక్క దొరికింది."

"మరి నీ పెద్దాయనకు ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం మీదికి వస్తోంటే నోరు కుట్టేసుకుంటారా ఎవరైనా?"

"మీరు అబద్ధమాడారని నా నోటితో ఎలా అనను?" అని ఏడ్చేసింది. "మీరొస్తారేమోనని రోజూ చూశాను. ఈ గదికి దిగి ఇరవై తొమ్మిది రోజులైంది."

ఆ రోజుల లెక్క నా దగ్గర లేదు. ఆమె దగ్గర ఉంది.

చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లాను. వెల్చెవ్ కళ్లజోడు పైకి తోసి, "అయితే తప్పు మీదంటారా అమ్మా?" అన్నాడు.

"నాదే. తేదీతో సహా రాసుకోండి."

రాసుకున్నాడు. శుక్రవారం నుంచి ఆమె పాత పనిలోకి వెళ్లవచ్చన్నాడు. "వెళ్తుంది సరే, ఊళ్లో ఇంత మాటొచ్చాక ఆ కుర్చీలో కూర్చునేదెవరు?" అని మాత్రం గొణిగాడు.

కిందికి వచ్చాక జోర్నిత్సా మళ్లీ డాక్టరైపోయింది. "గింజలు మానేస్తానని మాటిస్తే నాలుగో మర మళ్లీ వేస్తాను టీచర్. ఇస్తారా?" అంది. ఇవ్వలేనన్నాను. "అయితే తీసి పెట్టుకునేదే మీ రకం. చిగుళ్లు కూడా కొంత బరువు మోస్తాయి, విరిగినా బాగు చేసుకోవచ్చు. మిగిలిన మూడు మరలూ గట్టిగా ఉన్నాయి, చాలు" అంది. ఒప్పుకున్నాను. నవంబరులో నిజం చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది.

నీ మీద నాకు కోపం లేదు. నాన్నమ్మకు అన్యాయం జరిగిందనుకుని కదిలావు, వకీలు కాబోయే పిల్ల అలాగే కదలాలి. నీకు తప్పుడు సాక్ష్యం ఇచ్చింది నేను. నీ మూడు పేజీలూ సంతకం లేకుండా ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. వెల్చెవ్‌కు నువ్వే ఫోను చేసి మాట వెనక్కి తీసుకో. జోర్నిత్సాకు మాత్రం ఫోను చేయకు, నీ చేత్తో ఉత్తరం రాయి. ఇకమీదట నన్ను చూస్తే నీకు మునుపటంత భయం ఉండకపోవచ్చు. దానికి నేనేమీ చేయలేను.

బెంచీ దగ్గర ఇవాళ పొద్దున్నే నిజం చెప్పేశాను, త్సోంకాతో సహా ఐదుగురి ముందు. శుక్రవారం ఎనిమిదిన్నరకు జోర్నిత్సా కుర్చీలో కూర్చునే మొదటి మనిషిని నేనే. త్సోంకా పక్కనే నిలబడి చూస్తుంది. ఆ రోజు జాబితాలో రెండో పేరు తనదే రాయించాను, తనకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నీ నాన్నమ్మ
నెద్యాల్కా